మావయ్య క్రీస్తును పూరీలో చదివించాడు

ఒరిస్సా వేరే రాష్ట్రమైన కొత్తలో మా బరంపురంలో అందరికీ ఒకటే జబ్బు పట్టుకుంది. ఏది ఎవరిదో తేల్చెయ్యాలి. ఊరు మాదని ఒడియావాళ్లు, కాదు మాదని తెలుగువాళ్లు. బళ్లో ఏ భాష, కోర్టులో ఏ భాష, ఆఖరికి పట్టుపంచెల నేత ఎవరి తాతలు మొదలుపెట్టారన్నది కూడా వీధరుగుల మీద వాదించుకునేవారు. అలాంటి రోజుల్లో మా మేనమామ ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, ఏసుక్రీస్తు కూడా మావాడే అన్నాడు.

ఆ మాట సంగతి తర్వాత. అసలు ఆయన మా గుమ్మం తొక్కడమే వింత. మా అమ్మ పెద్దబజారులో గుడ్డల టోకు వర్తకం చేసే వైశ్యుల ఇంటి ఆడపడుచు. ఊహ తెలియకముందు పెళ్లి, తెలిసేసరికి వైధవ్యం. తెల్లచీర కట్టి వెనకగదిలో కూర్చోబెట్టారు. ఆ గదికి వారం వారం చర్చి నుంచి ఒకావిడ వచ్చి చదువు చెప్పేది. ఆ చదువుతోనే అమ్మ ఒకరోజు గడప దాటి వెళ్లి బాప్తిస్మం తీసుకుంది, టీచరయింది, మా నాన్నను చేసుకుంది. నాన్న ఉపదేశి. సోనేపూర్ వైపు సముద్రపొడ్డు పల్లెలన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పేవాడు. ఆయన ఏ కులంలో పుట్టాడో పెద్దబజారులో పైకి అనేవారు కూడా కాదు. ఇక పుట్టింటివాళ్లకు అమ్మ చచ్చిపోయినట్టే లెక్క. బజార్లో ఎదురుపడితే మావయ్య మొహం తిప్పుకుని ఏదో ఒక కొట్లోకి దూరిపోయేవాడు. అమ్మ ఇంటికొచ్చి, "అన్నియ్య సిక్కిపోనాడు" అని మాత్రం అనేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక అమ్మమ్మ మంచాన పడింది. చూపు అంతకుముందే పోయింది. ఇక లేవదని వైద్యుడు చెప్పేశాడట. కూతుర్ని తీసుకురమ్మని రోజూ అడుగుతోందని బట్టలు తెచ్చే చాకలామె చెప్పింది. అమ్మ ఆ సాయంత్రమే వెళ్లింది. వీధి అరుగు మీద కులపెద్దలు కూర్చుని ఉన్నారు, లోపల్నించి ఎవరూ పలకలేదు, నిలబడి నిలబడి తిరిగొచ్చింది. ఆ తర్వాత బళ్లో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. నేనూ అప్పటికి ట్రైనింగు పూర్తిచేసి అదే బళ్లో చిన్న క్లాసు చెబుతున్నాను. తడిక అవతల అమ్మ గొంతు ఆగిపోతే నాకు తెలిసేది. ఒళ్లు మండిపోయేది నాకు. కన్నతల్లిని చూసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇదీ మావయ్య వచ్చేనాటి పరిస్థితి. గోసాని నువాగాంలో మాది చిన్న పెంకుటిల్లు. నాన్న సోనేపూర్ నుంచి తెచ్చిన ఎండుచేపలు వాకిట్లో చాప మీద ఆరబోసి ఉన్నాయి. మావయ్య ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ చాప చుట్టూ తిరిగి వచ్చి, బెంచీ చివర కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే వద్దన్నాడు. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతూ తల దించుకుంది.

"ఏటంటే సెల్లీ," అని మొదలుపెట్టాడు, "ఆపీసులన్నీ ఇప్పుడు కటకానికి ఎల్లిపోనాయి గదా. లైసెన్సు పని మీద ఎల్లాను. ఒస్తూ ఒస్తూ పూరీలో దిగాను. అక్కడ సత్రంలో ఒక పంతులుగారు ఉపన్యాసం సెప్పారు. మీ ఏసు గురించి."

నాన్న చర్చి నుంచి అప్పుడే వచ్చాడు, కోటు కూడా విప్పలేదు. ఏసు పేరు వినేసరికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మీ పుస్తకంలో ఆయనకి పన్నెండేళ్లప్పుడు ఒక ముక్క ఉంది. మళ్లీ ముప్పయ్యేళ్లకి కనబడతాడు. మద్దెలో ఏటైపోనాడు? పూరీ ఒచ్చాడు. మన జగన్నాథుడి దగ్గిర సదువుకున్నాడు. ఎవరో దొర హిమాలయాల్లో ఒక మఠంలో పాత రాతలు సూసి మరీ రాశాడట. పూరీలో ఆయన ఏటి సూశాడు? బాపనోళ్లూ, మనవోళ్లూ, కూలోళ్లూ ఒకే కుండలోది తింటన్నారు. ఎవడి సెయ్యి తగిలినా ఎంగిల్లేదు, మైల్లేదు. అది సూసి ఎల్లే తన దేశంలో రొట్టె ముక్క, ద్రాచ్చరసం పెట్టాడు. మీరు సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతుకుతున్నారు."

పూరీ మహాప్రసాదం సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. స్వామికి నివేదించిన అన్నం ఎవరు ఎవరికి పెట్టినా తినాల్సిందే, అక్కడ కులం అడగకూడదు. ఎండబెట్టిన ఆ మెతుకులనే నిర్మాల్యం అంటారు. చిన్న గుడ్డసంచిలో పోసి తెచ్చుకుని దాచుకుంటారు. ప్రాణం పోయేవాళ్ల నోట్లో చివరికి రెండు మెతుకులు పడితే చాలనుకుంటారు. అందుచేత మావయ్య మాటలో పస లేదని నేననను. ఆయన ఎన్నుకున్న ఉపమానం గట్టిదే.

కానీ మా నాన్న ఇలాంటి మధ్యాహ్నం కోసమే పుట్టినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, ఒక్క ప్రశ్న. మనిషి ఎక్కడ అన్నం తింటే అక్కడి తిండి అతని మాటలోకి వస్తుందా, రాదా? ఆయన ఎన్ని కథలు చెప్పాడు! గోధుమలు ఉన్నాయి, అత్తిచెట్లు ఉన్నాయి, ద్రాక్షతోటలు ఉన్నాయి, గొర్రెలు ఉన్నాయి. అన్నేళ్లు పూరీలో అన్నం తిన్నవాడు ఒక్క కథలోనైనా వరిచేను పెట్టడా? ఒక్క కొబ్బరిచెట్టు? ఒక్క ఏనుగు? పునర్జన్మ గురించి ఒక్క ముక్క? ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం ఆయన కొత్తగా తెచ్చినవి కావు. వాళ్ల తాతలు దాస్యం నుంచి బయటపడిన రోజును తలుచుకుని ఏటా తినే పండగ భోజనం అది. యూదులింటి పిల్లవాణ్ని ఎవర్నడిగినా చెబుతాడు."

మావయ్య తగ్గలేదు. "ఎవరికి అర్థమయ్యేలాగ ఆళ్లకి సెప్పాలి గదా ఉపదేశిగారూ. గోధుమలు తినేవోళ్లకి వరిచేను కథ ఏం సెప్తాడు?"

ఇక నేనూరుకోలేకపోయాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడకూడదని నాకెవరూ నేర్పలేదు. నేర్పినా నిలిచేది కాదు.

"మావయ్యా, మన గంజాంలో ఎంతమంది రంగూన్ వెళ్లొస్తారు. గోపాలపురం రేవులో దిగి ఊళ్లోకి రాగానే ఏమవుతుంది? చిన్నపిల్లలతో సహా అందరూ రంగూనోడొచ్చాడు, రంగూనోడొచ్చాడు అనరా? చచ్చేదాకా వాడి పేరే రంగూనోడు. ఏసు తన ఊరికి తిరిగొచ్చి బోధిస్తే అక్కడివాళ్లేమన్నారు? ఇతను మన వడ్రంగే గదా, ఇతనికింత తెలివి ఎక్కణ్నించొచ్చింది అని ఆశ్చర్యపోయారు. దేశాంతరం వెళ్లొచ్చినవాడైతే ఆశ్చర్యం దేనికి? ఓహో, అక్కడ చదువుకున్నాడులే అనుకునేవారు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు చూశారంటేనే తెలియడం లేదూ, ఆయన ఆ పెరట్లోనే పెరిగాడని?"

నాన్న తొడ మీద చరుచుకున్నాడు. ఆ జవాబు నాదేనని ఇప్పటికీ నాకు గర్వం. తర్వాత ఎన్నో ఏళ్లకు, లంజిపల్లిలో మా పక్కింటి బ్యాంకాయన అదే కథ కొత్తగా కనిపెట్టినట్టు నాకు చెబితే, రంగూన్ కాస్తా దుబాయ్ చేసి అదే జవాబు చెప్పాను. ఆ రోజు మావయ్య నవ్వేసినట్టే ఆయనా నవ్వేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ విషయంలో మా మావయ్యకు, మా నాన్నకు మంచి వియ్యం కుదిరేది.

"అదిసరే," అన్నాడు మావయ్య, "మీ చర్చిలో ముందు సాప ఎవరిది, ఎనక సాప ఎవరిది? ఒకే రొట్టె తింటారు, ఒకే సాప మీద కూకోరేటి?"

అది నిజం. ఏ పేటవాళ్లు ఆ పేటవాళ్లతోనే కూర్చునేవారు. నాన్న దాని మీద సంఘపెద్దలతో చాలాసార్లు పోట్లాడాడు, నెగ్గలేదు. పూరీ గుడి సింహద్వారం దాటనివ్వని కులాలు ఎన్నో ఉన్నాయని నాన్నకు తెలుసు, అనొచ్చు. కానీ అనలేదు. తన ఇంటి చూరు కారుతుంటే పక్కింటి చూరు చూపించేవాడు కాదు ఆయన.

అప్పుడు మావయ్య బొడ్డులోంచి చిన్న గుడ్డసంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సెల్లీ, నాను వాదనకి రాలేదు. అమ్మ రోజూ నీ పేరే సెప్తంది. మనవోళ్లు ఒప్పుకోరు. కానీ ఈ మాట దొరికింది నాకు. ఆయన మన దగ్గిర నేర్చుకున్నోడే అయితే నువ్వెక్కడికీ ఎల్లనట్టే గదా. మనింటి ఎనక గుమ్మంలోంచి ఎల్లి ముందు గుమ్మంలోకి ఒచ్చినట్టు. అవును అన్నియ్యా, ఆయనది మన మాటే అని పెద్దల ముందర ఒక్క మాట అను. ఈ రెండు మెతుకులు నోట్లో ఏసుకో. మిగతాది నాను సూసుకుంటాను. రేపు ఇదే ఏళకి జట్కా కట్టించుకొస్తాను."

అమ్మ తలెత్తలేదు. ఆయన లేచి, చేపల చాప చుట్టూ మళ్లీ తిరిగి, వెళ్లిపోయాడు. అప్పుడర్థమైంది నాకు, ఆయన సత్రంలో ఆ ఉపన్యాసం ఎందుకంత శ్రద్ధగా విన్నాడో. ఆ దొర రాసింది నిజమా కాదా అన్నది ఆయనకు అక్కర్లేదు. చెల్లెల్ని ఇంటికి తెచ్చుకునే దారి కావాలి. ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

తర్వాత జరిగిందే నేను ఎదురుచూడనిది. పెద్దల ముందు ఒక్క మాట అనేస్తే ఏం పోతుంది అన్నది మా నాన్న.

"మీ అమ్మ పోతే మళ్లీ రాదు. దేవుడు పెదవులు చూడడు, మనసు చూస్తాడు. అనేసి వెళ్లు," అన్నాడు.

అమ్మ చేట కింద పెట్టింది. మా అమ్మకు కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది.

"ఏటండీ, ఈ మాట మీరేనా అంటున్నారు? ఎండనక వాననక ఆ పల్లెలన్నీ తిరిగి సెప్పింది ఇదేనా? మనసు దేవుడు సూస్తాడు, నిజమే. అన్నియ్యకి కావలసింది మాటే గదా. అబద్ధమాడి ఎల్తే అమ్మ మంచం దగ్గిర కూకునేది నాను కాదు, ఇంకెవర్తో. అమ్మ నన్ను సూడాలంటంది. నన్ను."

అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న పక్కన కూర్చుని, "సరే, సరే" అంటూ ఉండిపోయాడు. ఆయనకు ఆమె ఏడుపు చూడలేక వచ్చిన మాట అది, అంతే.

మర్నాడు అమ్మ మామూలుగా బడికొచ్చింది. ఆ రోజు పాఠం మధ్యలో ఆగలేదు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడింది. జట్కా వచ్చింది. మావయ్య దిగాడు, సంచి చేతిలోనే ఉంది.

"ఏటంటావు సెల్లీ?"

"అన్నియ్యా, ఆయన పూరీ రాలేదు. పెద్దల ముందర ఒచ్చాడని నాను అనను. ఆయన ఎక్కడ సదువుకున్నాడన్నది అటుంచు, నాను ఎక్కడ సదువుకున్నానో సెప్తాను. మన ఎనకగదిలో. ఏటా పూరీ నిర్మాల్యం మనింటికొచ్చేది. నాకూ పెట్టేవోరు, గుమ్మం అవతల నుంచి. పెట్టినోళ్లెవరూ గుమ్మం దాటొచ్చి నా సాప మీద కూకోలేదు. ఆ చర్చి ఆవిడ కూకుంది. నా తలకి నూనె రాసింది. ఎందుకు రాస్తన్నావంటే ఆయన పేరు సెప్పింది. నువ్వన్నట్టు ఆయన మనింట్లోనే నేర్చుకునుంటే, నేర్పినోళ్లకి రానిది ఆయనకెలాగ ఒచ్చిందన్నియ్యా?"

"అప్పుడు నా మాట సెల్లేదేటి ఇంట్లో?" అన్నాడు మావయ్య నేలవైపు చూస్తూ.

"నీ తప్పనడం లేదు."

"అయితే రావన్నమాట."

ఆయన జట్కావైపు తిరిగాడు. ఇంత దూరం వచ్చి అమ్మ తన చేతులారా పోగొట్టుకుంటోందనుకున్నాను. పద అమ్మా, ఆ మాట అనేద్దూ అని నా నోటిదాకా వచ్చింది. పరువుకు పోయి నేనూ ఆ మాట మింగేశాను.

"ఒస్తాను," అంది అమ్మ. "ఆ సంచి ఇలాగియ్యి."

ఆయన మొహం విప్పారింది. "తింటావా?"

"తినను. నా సేత్తో అమ్మకి పెడతాను. నిన్న నువ్వేటన్నావు? ఎవరి సెయ్యి తగిలినా మైల్లేదన్నావు. బాపనోడికి కూలోడు పెట్టొచ్చన్నావు. మరి అమ్మకి నాను పెట్టకూడదేటి? ఇది నాకు దేవుడి అన్నం కాదు, అమ్మకి అవును. అమ్మ నోట్లో అమ్మ దేవుడి మెతుకులు పెట్టడానికి నా దేవుడు నన్ను ఆపడు. నీ మాట మీదే ఒస్తన్నాను. నా సెయ్యి మైలంటే, పూరీ మాట నువ్వే నమ్మనట్టు."

నా తల్లి కాబట్టి చెప్పడం కాదు, ఉపదేశి భార్య అంటే అలా ఉండాలి. నాన్న నా వెనక నిలబడి నోరు తెరుచుకుని విన్నాడు. నిర్మాల్యం ముట్టిందని రేపు మా సంఘపెద్దలు మమ్మల్ని నిలదీస్తారని ఆయనకు తెలుసు. నిలదీశారు కూడా. "వాళ్లకి నేను చెప్పుకుంటాను, నువ్వెళ్లు" అన్నాడు.

మావయ్య సంచి అమ్మ చేతిలో పెట్టి, "ఎక్కు" అన్నాడు. నన్నెవరూ పిలవలేదు, నేనూ ఎక్కేశాను.

పెద్దబజారులో ఆ ఇంటి అరుగు మీద కులపెద్దలు కూర్చునే ఉన్నారు. జట్కా ఆగగానే మాటలు ఆగిపోయాయి. మావయ్య దిగి, అందరికీ వినబడేలా, "మా సెల్లి. అమ్మకి పూరీ నిర్మాల్యం పెట్టడానికొచ్చింది" అన్నాడు. ఒక ముసలాయన ఏదో అనబోయి సంచి చూశాడు. దానికి అడ్డు చెబితే జగన్నాథుడికే అడ్డు చెప్పినట్టు. ఆయన కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. నేను ఆ దారిన తలెత్తుకుని నడిచాను.

అమ్మమ్మను నేను చూడడం అదే మొదలు. మంచంలో చిన్నపిల్లంత ఉంది. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, "అమ్మా" అంది. అమ్మమ్మ చెయ్యి గాల్లో వెతికి అమ్మ మణికట్టు పట్టుకుంది. గాజులు తగిలాయి. ఒక్కొక్క గాజునూ వేలితో తడిమింది.

"ఏసుకున్నావేటే?"

"ఏసుకున్నానమ్మా."

"మంచిది," అంది అమ్మమ్మ. మావయ్య, అత్త గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అత్త గిన్నెతో నీళ్లు తెచ్చిచ్చింది. అమ్మ మెతుకులు నానబెట్టి, వేళ్లతో మెదిపి, అమ్మమ్మ నోట్లో పెట్టింది. అమ్మమ్మ చాలాసేపు నములుతూ, దణ్ణం పెట్టుకుని మింగింది.

"నువ్వూ రెండు ఏసుకో," అంది.

మావయ్య అమ్మవైపు చూస్తున్నాడు. ఆ చూపులో అడగడం తప్ప ఇంకేమీ లేదు. ఒక్క మెతుకు. అరుగు మీద వాళ్లెవరూ లోపలికి తొంగి చూడడం కూడా లేదు.

"నాను తిననమ్మా," అంది అమ్మ. "ఇది నీకు. నాను ఏసయ్య మనిషిని."

అమ్మమ్మ చేతిని వెనక్కి తీసుకుంది. అయిపోయింది, ఇక లేవాలి అనుకుని నేను అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. అమ్మ లేవలేదు.

"కోడలా," అంది అమ్మమ్మ, "మద్దినేళ వండిన అన్నం ఉందేటి?"

"ఉందత్తా," అంది అత్త, మావయ్యను చూస్తూ.

"నిర్మాల్యం ఊళ్లో ఎవరికైనా పెడతారు. ఇది నా కూతురు. మనింట్లో వండింది పెట్టు దీనికి."

అత్త కదల్లేదు. అది పూరీ అన్నం కాదు, దానికి ఏ మినహాయింపూ లేదు. కులం వదిలేసిన మనిషికి ఆ ఇంటి కుండలోది, ఆ ఇంటి లోపల, ఆకేసి పెట్టాలి. దీనికి ఏ దొర రాతలోనూ సాక్ష్యం దొరకదు, ఏ పంతులూ ఉపన్యాసం చెప్పలేదు. మావయ్య ఒకసారి వీధివైపు చూశాడు. తర్వాత ఆయనే వంటింట్లోకి వెళ్లి ఆకు తెచ్చి మంచం పక్కన వేశాడు. అన్నం గిన్నె, పప్పు గిన్నె తెచ్చుకుని, వంగి, తన చేత్తో వడ్డించాడు. పప్పు కొంచెం నేల మీద పడింది.

అమ్మ కళ్లు మూసుకుని తన ప్రార్థన చేసుకుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. తర్వాత అన్నం కలుపుకుంది.

అమ్మమ్మ చెవి అటు పెట్టి వింటోంది.

"తింటందేటిరా?" అంది.

"తింటందమ్మా," అన్నాడు మావయ్య.